తెరచాప యుద్ధనౌకల పోరాటాన్ని చదవడం ఎలా? 1804 విశాఖ యుద్ధంతో నేర్చుకుందాం

విశాఖ బీచ్‌లో నిలబడి డాల్ఫిన్ నోస్ వైపు చూస్తే ఇప్పుడు కంటైనర్ ఓడలు, నేవీ ఓడలు కనిపిస్తాయి. 1804 సెప్టెంబర్ 15న ఈ తీరం ముందే మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు ఒకే ఒక్క బ్రిటిష్ యుద్ధనౌక మీదకి వచ్చాయి. వచ్చినవాటిలో ఒకటి 74 ఫిరంగుల పెద్ద ఓడ, మిగతా రెండు ఫ్రిగేట్లు, అంటే అంతకంటే చిన్నవి, వేగంగా పోయే యుద్ధనౌకలు. ఎదురుగా ఉన్నది 50 ఫిరంగుల సెంచూరియన్, పైగా దాని కెప్టెన్ ఆ పొద్దున ఒడ్డున ఉన్నాడు. ఆ లెక్కన యుద్ధం గంటలో ముగిసిపోవాలి కదా. ముగియలేదు, సెంచూరియన్ చిక్కలేదు, ఫ్రెంచి అడ్మిరల్ లినువా ఒక సరుకు ఓడని పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇలాంటి యుద్ధాలు చదివేటప్పుడు మనలో చాలామందిమి చేసే తప్పు ఒక్కటే, ఫిరంగుల సంఖ్య చూసి ఎవరు గెలవాలో ముందే తేల్చేసుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే చదివాను. గాలి, నీటి లోతు, ఫిరంగి దగ్గరున్న మనుషుల చేతులు, ఈ మూడూ పట్టుకుంటే తప్ప ఆ యుద్ధాలు అర్థం కావు. ఎలా పట్టుకోవాలో ఒక్కో మెట్టుగా చెబుతాను, మన తీరంలో జరిగిన ఈ యుద్ధాన్నే ఉదాహరణగా పెట్టుకుందాం. ఒక తెల్ల కాగితం, పెన్సిల్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఇంట్లో ఉన్న చీపురుకట్ట దగ్గర పెట్టుకోండి. చీపురు ఎందుకో తర్వాత తెలుస్తుంది.

1. ముందు తేదీ, గంట సరిచేసుకోండి

ఒకే యుద్ధానికి రెండు పుస్తకాల్లో రెండు తేదీలు కనిపిస్తే వెంటనే ఎవరో తప్పు రాశారని అనుకోకండి. 1805 దాకా బ్రిటిష్ నేవీ ఓడల లాగ్‌బుక్కులో, అంటే ఓడ దినచర్య పుస్తకంలో, రోజు అర్ధరాత్రి మొదలయ్యేది కాదు, మధ్యాహ్నం 12కి మొదలయ్యేది, అదీ మన క్యాలెండర్ కంటే సగం రోజు ముందే. అంటే 15వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగింది లాగ్‌లో 16వ తేదీ కింద పడుతుంది. ఫ్రెంచివాళ్లు అప్పటికి ఇంకా విప్లవకాలపు క్యాలెండరే వాడుతున్నారు, దాని ప్రకారం మన యుద్ధం 12వ సంవత్సరం ఫ్రుక్తిదోర్ నెల 28న జరిగింది. కాగితం పైన మన తేదీ రాసుకుని, పక్కనే ఉదయమా మధ్యాహ్నమా అని వేసుకోండి, చాలు.

2. తీరం గీయండి, లోతు వేయండి

మ్యాప్ అందంగా రావక్కర్లేదు. ఒడ్డు గీత, దాని ముందు అలలు విరిగే గీత, ఇంకాస్త దూరంలో పెద్ద ఓడలు లంగరు వేసే చోటు, ఈ మూడూ ఉంటే చాలు. కొలతల విషయంలో మనకి ఒక సుఖం ఉంది. ఇంగ్లీషు నావికుల ఫాథమ్ అంటే దాదాపుగా మన జాలర్ల బార. చేతులు రెండూ చాచినంత, ఆరడుగులు. కాబట్టి అయిదు ఫాథమ్‌ల లోతు అని కనిపిస్తే అయిదు బారలు అని చదువుకోండి, కళ్లకు కడుతుంది. ఒక కేబుల్ అంటే సుమారు 185 మీటర్లు. తుపాకీ దూరం అంటే సుమారు 200 మీటర్లు అనుకోండి, పిస్తోలు దూరం అంటే అంతకంటే చాలా దగ్గర, అవతలి ఓడలో మనిషి ముఖం కనిపించేంత.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, 1804లో విశాఖకి హార్బర్ లేదు. ఇప్పుడున్న పోర్టు 1933లో వచ్చింది. అప్పట్లో పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసుకునేవి, సరుకంతా మసులా పడవల్లో అలలు దాటించి తీసుకెళ్లేవారు. మసులా పడవకి మేకులుండవు, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, అల వచ్చి కొట్టినప్పుడు పడవ విరగకుండా కొంచెం వంగి ఊరుకుంటుంది. మన తీరం వాళ్ల ఈ పనితనం గురించి ఎంత రాసినా తక్కువే. ఈ ఏర్పాటు వల్ల సరుకు ఎక్కించడానికి చాలా సమయం పట్టేది, ఓడలు కదలకుండా ఉండిపోవాల్సి వచ్చేది. ఆ రోజు సెంచూరియన్ కాపలా కాస్తున్న ఈస్టిండియా కంపెనీ ఓడలు రెండు, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డుకెళ్లింది కూడా ఈ సరుకు పని మీదే. స్కర్వీ జబ్బు మీద నిమ్మ, నారింజలతో పరీక్ష చేసిన వైద్యుడి పేరూ జేమ్స్ లిండే, కానీ ఆయన వేరే మనిషి, 1794లోనే చనిపోయాడు, ఇద్దరినీ కలిపేయకండి.

మ్యాప్ మీద ఓడల కింద ఎంత నీరు కావాలో కూడా రాయండి. 74 ఫిరంగుల ఓడకి దగ్గర దగ్గర ఏడు మీటర్ల లోతు కావాలి, అంటే నాలుగు బారలకి కాస్త తక్కువ. ఆ లోతు లేని చోటికి అది రాలేదు. ఎక్కడ ఇసుక మేట ఉందో తెలియని కొత్త తీరంలో అయితే ఆ దరిదాపులకు రావడానికే జంకుతుంది.

3. గాలి బాణం వేయండి

ఇది వేయకుండా ముందుకు వెళ్లొద్దు. తెరచాప ఓడ గాలికి నేరుగా ఎదురు వెళ్లలేదు. పెద్ద యుద్ధనౌక గాలి వచ్చే దిక్కుకి సుమారు 65, 70 డిగ్రీల కంటే దగ్గరగా తిరగలేదు. కాబట్టి గాలి వచ్చే వైపున్న ఓడకి యుద్ధం ఎప్పుడు మొదలుపెట్టాలో ఎంచుకునే వీలుంటుంది, అవతలి ఓడకి తప్పించుకోవడం తేలికవుతుంది. సెప్టెంబర్‌లో మన తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచే వస్తుంది. లినువా వచ్చింది కూడా మచిలీపట్నం వైపు నుంచి, అంటే తీరం వెంబడి పైకి. పొద్దున తీరం గాలి, మధ్యాహ్నం సముద్రం గాలి అనేది వేటకెళ్లే ఎవరినడిగినా చెబుతారు, దాన్ని కూడా పక్కన రాసుకోండి.

గాలి బాణం వేశాక మీ మ్యాప్‌లో లంగరు వేసిన ఓడని చూడండి. అది గాలికో ప్రవాహానికో ముక్కు తిప్పుకుని ఉంటుంది. జాలర్ల మాటలోనే చెప్పాలంటే ముందు కొస అణియం అటు, వెనక కొస అమరం ఇటు. ఫిరంగులు ఉండేవి పక్కల్లో. శత్రువు అమరం వైపు నుంచి వస్తే ఓడ దాదాపు చేతులు కట్టేసినట్టే. అందుకని లంగరు మోకుకి ఇంకో మోకు కట్టి, దాని రెండో కొసని అమరం దగ్గర నుంచి లోపలికి తెచ్చేవారు. దాన్ని లాగితే ఓడ ఉన్నచోటే తిరిగి శత్రువు వైపు పక్క చూపిస్తుంది. దీన్ని స్ప్రింగ్ అంటారు. లంగరు వేసిన ఓడ పాల్గొన్న ఏ యుద్ధంలోనైనా, స్ప్రింగ్ కట్టారా లేదా అన్నది వెతకండి.

లోతు, లంగరు కలిసి యుద్ధాన్ని ఎలా తిప్పేస్తాయో చూడాలంటే 1798 ఆగస్టు 1న ఈజిప్టు తీరంలో జరిగిన నైలు యుద్ధం చూడండి. ఫ్రెంచి ఓడలు తీరం మేటకి దగ్గరగా వరసగా లంగరు వేశాయి కానీ మరీ దగ్గరగా కాదు. ఒక ఓడ లంగరు చుట్టూ తిరగడానికి నీరుంటే, ఇంకో ఓడ దూరడానికీ నీరుంటుంది. బ్రిటిష్ ఓడలు కొన్ని ఆ సందులో దూరిపోయాయి, ఫ్రెంచివాళ్లు ఎదురుచూడని వైపు నుంచి కొట్టాయి.

4. ఫిరంగులు లెక్కపెట్టకండి, తూకం వేయండి

ఓడ 74, ఓడ 50 అన్నది ఒక రకం లేబుల్ మాత్రమే. ఒక పక్క ఫిరంగులన్నీ కలిపి ఒక్క విడతలో ఎంత ఇనుము విసురుతాయన్నది చూడాలి. దీన్నే బ్రాడ్‌సైడ్ బరువు అంటారు. రెండు పక్కలా ఉన్నవాటిలో సగమే లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే ఒకేసారి రెండు పక్కలా పోరాడే సందర్భాలు తక్కువ.

సెంచూరియన్ 1774లో నీళ్లలోకి దిగిన ఓడ. దాని తరగతి నమూనా ప్రకారం కింది డెక్కులో, అంటే కింది అంతస్తులో, 24 పౌన్ల గుండు వేసే ఫిరంగులు 22, పై డెక్కులో 12 పౌన్లవి 22, ఇంకా పైన 6 పౌన్లవి 6. ఒక పక్కకి 11×24 అంటే 264, 11×12 అంటే 132, 3×6 అంటే 18, మొత్తం 414 పౌన్లు, సుమారు 188 కిలోలు.

లినువా తెచ్చిన 74 ఫిరంగుల ఓడ పేరు మరెంగో. ఆ తరగతి ఫ్రెంచి 74లకి నమూనా ప్రకారం కింద 36 పౌన్లవి 28, పైన 18 పౌన్లవి 30, ఆ పైన 8 పౌన్లవి 16. ఒక పక్కకి 504, 270, 64, మొత్తం 838. ఇక్కడే చాలామంది పడిపోతారు, ఫ్రెంచి పౌను ఇంగ్లీషు పౌను కంటే సుమారు 8 శాతం బరువెక్కువ. కాబట్టి కిలోల్లోకి మార్చాకే పోల్చండి, ఇది సుమారు 410 కిలోలు. అంటే ఒక్క మరెంగోనే రెండు సెంచూరియన్లకి పైన. ఇక అతలాంత్, సెమియాంత్ అనే ఫ్రిగేట్లు అదనం.

ఇవి నమూనా లెక్కలు, ఏళ్లు గడిచే కొద్దీ ఫిరంగులు మారుస్తుండేవారు, ముఖ్యంగా స్కాట్లండ్‌లో కరన్ కంపెనీ 1770ల చివర తెచ్చిన కరొనేడ్లు వచ్చాక. కరొనేడ్ పొట్టిగా, తేలికగా ఉండి పెద్ద గుండు వేస్తుంది, దగ్గర నుంచి తగిలితే భయంకరం, దూరమైతే మాత్రం చేతకాదు. ఓడలో కరొనేడ్లు ఎన్ని అన్నది తెలిస్తే అది దగ్గరికి రావాలనుకుంటుందో దూరంగా ఉండాలనుకుంటుందో చెప్పేయొచ్చు.

5. ఇప్పుడు ఫిరంగి దగ్గరికి వెళ్లి నిలబడండి

చీపురు తీసుకోండి. ఇప్పటిదాకా చేసినదంతా కాగితం మీది బలం, అసలు బలం ఇక్కడుంది.

మీరు సెంచూరియన్ కింది డెక్కులో 24 పౌన్ల ఫిరంగి దగ్గరున్నారు. పైకప్పు తక్కువ ఎత్తు, నిటారుగా నిలబడితే తల దూలానికి తగులుతుంది. కాళ్లు జారకుండా నేల తడిపి ఇసుక చల్లారు. ఫిరంగి ఒక్కటే రెండున్నర టన్నులు, నాలుగు చిన్న చెక్క చక్రాల బండి మీద ఉంది. చుట్టూ పది పన్నెండు మంది, అందులో ఒకడు పిల్లాడు. అందరికీ ఒక్కో పని ఉంది, ఎవరైనా కూలిపోతే ఆ పని ఎవరు చేయాలో కూడా ముందే నేర్పి ఉంచారు.

ఒకసారి పేలి వెనక్కి వచ్చిన ఫిరంగితో మొదలుపెడదాం, స్టాప్‌వాచ్ నొక్కండి. ముందు కొస మెలి తిరిగిన ఇనుప కొక్కెం ఉన్న కర్రని గొట్టంలో పెట్టి తిప్పాలి, లోపల మిగిలిన కాలిన గుడ్డముక్కలు బయటికి రావాలి. తర్వాత గొర్రెతోలు చుట్టిన కర్రని నీళ్లలో ముంచి లోపలంతా తుడవాలి, మీ చీపురు పని ఇదే. నిప్పురవ్వ ఒక్కటి మిగిలినా వచ్చే మందు సంచి చేతుల్లోనే అంటుకుంటుంది, చేతులు పోతాయి. అందుకే ఎంత తొందరలోనైనా ఈ పని మానకూడదు, సగంలో వదలకూడదు.

ఇప్పుడు పిల్లాడు మందు సంచి తెచ్చాడు. ఫ్లానెల్ గుడ్డ సంచి, గుండు బరువులో సుమారు మూడో వంతు మందు, ఇక్కడ ఎనిమిది పౌన్లు, మూడున్నర కిలోలు దాటుతుంది. మూత ఉన్న డబ్బాలో ఒక్కోటి చొప్పునే తేవాలి. మందు గది నీటి మట్టానికి కింద ఉంటుంది, లోపల పనిచేసేవాళ్లు రవ్వలు పుట్టని మెత్తని చెప్పులేసుకుంటారు, దీపం ఆ గదిలో ఉండదు, పక్క గదిలో అద్దం అవతల ఉంటుంది. ఆ మందులో నాలుగింట మూడు వంతులు సూరేకారం, బ్రిటన్‌కి ఆ సూరేకారంలో పెద్ద భాగం బీహార్ నుంచే వెళ్లేది, మిగతాది బొగ్గు, గంధకం.

సంచి గొట్టంలోకి తోసి, గుండు దొర్లించి, గుడ్డ ముద్ద పెట్టి గట్టిగా దట్టించాలి. ఫిరంగి కెప్టెన్, అంటే ఆ ఫిరంగి జట్టు పెద్ద, పై చిల్లులోంచి సూది గుచ్చి సంచి చింపి, బాతు ఈక గొట్టంలో నింపిన మందు పెడతాడు. అందరూ పక్క మోకుల్ని లాగాలి, కప్పీలు కిర్రుమంటూ ఫిరంగి కిటికీలోంచి మూతి బయట పెడుతుంది. ఓడ అవతలి పక్కకి ఒరిగి ఉంటే ఈ రెండున్నర టన్నుల్ని ఎత్తు మీదకి లాగుతున్నట్టు. తర్వాత గడ్డపారల్లాంటి కర్రలతో పక్కకి జరపాలి, వెనక వాలుగా చెక్కిన చెక్క దిమ్మని నెట్టి ఎత్తు సరిచేయాలి. చివరికి కెప్టెన్ తాడు పట్టుకుని వెనక ఒక మోకాలి మీద కూర్చుని ఓడ ఊగే వరస చూస్తాడు, తాడు లాగుతాడు. చెకుముకి రాయి కొడుతుంది, పేలుతుంది, ఫిరంగి ఒక్క ఉదుటున వెనక్కి వస్తుంది, వెనకున్న లావుపాటి మోకు ఆపితే ఆగుతుంది. దాని దారిలో ఎవరూ ఉండకూడదు.

స్టాప్‌వాచ్ ఎంత చూపించింది? ఉత్త చీపురుతో, ఇంట్లో, చేసే పని నోటితో చెబుతూ చేసినా నిమిషం దాటుతుంది. బాగా తర్ఫీదైన మనుషులు అసలు ఫిరంగితో అయిదు నిమిషాలకి మూడు సార్లు పేల్చేవారు. బ్రిటిష్ అడ్మిరల్ కాలింగ్‌వుడ్ తర్ఫీదు ఇచ్చిన డ్రెడ్‌నాట్ ఓడ మనుషులు మూడున్నర నిమిషాల్లోనే మూడు విడతలు పేల్చారని పేరు. తర్ఫీదు లేనివాళ్లకి ఒక్కసారికే మూడు నిమిషాలు పడుతుందనుకోండి. పావుగంటకి లెక్కేయండి, ఒకరు తొమ్మిది, ఇంకొకరు అయిదు. ఇప్పుడు పైన వేసిన 414, 838 తీసుకుని గుణించండి, 3,726 ఒకవైపు, 4,190 ఒకవైపు. రెట్టింపు ఉన్న తేడా దాదాపు చెరిగిపోయింది. ఫ్రెంచి పౌను బరువు కలిపినా సగం తేడా కూడా ఉండదు. అందుకే నేను ఏ యుద్ధం చదివినా ఓడ సముద్రంలో ఎన్నాళ్లుగా ఉంది, మనుషులు కలిసి ఎన్నాళ్లు పనిచేశారు అన్నది ముందు వెతుకుతాను. ఆ రోజుల్లో మామూలు నావికుడి పేరు ఎక్కడా కనిపించదు కానీ గెలుపంతా వాడి భుజాల మీదే ఉండేది.

6. గుండు ఎటు పోయిందో చూడండి

ఓడ ఊగుతుంది కాబట్టి పేల్చే క్షణమే గురి. ఆ పక్క కిందికి దిగేటప్పుడు పేలిస్తే గుండు శత్రువు ఓడ ఒంటికి తగులుతుంది, పైకి లేచేటప్పుడు పేలిస్తే తెరచాపలకి, అవి కట్టే నిలువు కొయ్యలకి. బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా ఒంటికి, ఫ్రెంచివాళ్లు ఎక్కువగా తెరచాపలకి కొట్టేవారన్నది మొత్తం మీద నిజమే. ఒంటికి తగిలితే గుండు కంటే, పగిలి ఎగిరే చెక్క పేళ్లే ఎక్కువమందిని గాయపరిచేవి. కొయ్యలు, తాళ్లు తెంచడానికి గొలుసు గుండ్లు, కడ్డీ గుండ్లు వేరే ఉండేవి. మనుషుల మీద వేయడానికి చిన్న గుండ్ల సంచులు.

7. ఇప్పుడు ఆ రోజుని కాగితం మీద నడిపించండి

మూడు ఫ్రెంచి ఓడల్ని దక్షిణం నుంచి తీసుకురండి. విశాఖలో విల్‌హెల్మినా అనే ఫ్రిగేట్ ఉంటుందని లినువా అనుకుంటున్నాడు. దాని బదులు రెండు డెక్కుల ఫిరంగులున్న సెంచూరియన్ ఉంది. లిండ్ ఒడ్డున ఉండటంతో లెఫ్టినెంట్ జేమ్స్ ఫిలిప్స్ పోరాటం మొదలుపెట్టాడు. బార్నబీ తీరం వైపు పోయి అలల్లో ముక్కలైంది, ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. ఒడ్డు నుంచి చిన్న ఫిరంగి బురుజు కొంత సాయం చేసింది. మధ్యలో పోరాటం ఆగినప్పుడు లిండ్ పడవలో ఓడ చేరుకున్నాడు.

తర్వాత ఆయన చేసింది మీ మ్యాప్ లేకపోతే అర్థం కాదు. సెంచూరియన్‌ని అలలు విరిగే గీతకి దగ్గరగా తీసుకెళ్లాడు. రెండో మెట్టులో వేసిన లోతు చూడండి, మరెంగోకి అక్కడికి రావడమంటే ప్రాణసంకటం. లినువా సుమారు మైలు దూరం నుంచే రెండు గంటలపాటు కొట్టాడు. ఆ దూరంలో, ఊగే డెక్కు మీద నుంచి పేల్చే ఫిరంగులకి గురి చాలా తక్కువ. సెంచూరియన్ బాగా దెబ్బతింది, లొంగలేదు. ఒకరు చనిపోయారు, తొమ్మిది మందికి గాయాలయ్యాయి. ఫ్రెంచివైపు నలుగురు చనిపోయారు.

8. చివరిగా, దెబ్బతిన్న ఓడని ఎక్కడ బాగుచేస్తారో అడగండి

లినువా ఎందుకు ఇంకా దగ్గరికి రాలేదన్నదానికి ఈ ప్రశ్నలోనే చాలావరకు జవాబుంది. ఆయనకి ఈ సముద్రంలో ఆసరా ఈల్ ద ఫ్రాన్స్, అంటే ఇప్పటి మారిషస్, వేల కిలోమీటర్ల దూరం. ఒక పెద్ద కొయ్య విరిగితే ఇక్కడ ఆయనకి కొత్తది ఎవరూ ఇవ్వరు. బ్రిటిష్ వాళ్లకి బొంబాయి డాకు ఉంది, అక్కడ వాడియా కుటుంబం టేకుతో పెద్ద యుద్ధనౌకలే కట్టారు, 1817లో వాళ్లు కట్టిన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్లమీద ఉంది. మన కాకినాడ దగ్గర కోరంగిలో కూడా ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇదే లినువా అదే ఏడాది ఫిబ్రవరిలో మలయా తీరం దగ్గరి పులో ఆరా దీవి వద్ద కాపలా యుద్ధనౌకలే లేని చైనా సరుకు ఓడల గుంపు ముందు కూడా వెనక్కి తగ్గాడు, నెపోలియన్‌కి దాని మీద చాలా కోపం వచ్చింది. నాకైతే విశాఖలో ఆయన జాగ్రత్త పులో ఆరాలో కంటే సమంజసంగానే కనిపిస్తుంది. మరెంగో కొయ్యలు పోతే ఈ సముద్రంలో ఫ్రాన్సుకి ఇంకో పెద్ద ఓడ లేదు.

ఈ కాగితం పూర్తయ్యాక 1782, 1783లలో మన కోరమండల్ తీరంలో, శ్రీలంక పక్కన ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ అయిదుసార్లు తలపడిన యుద్ధాలు తీసుకోండి. సద్రాస్‌తో మొదలుపెట్టి కడలూరు దాకా. ఒక్కో యుద్ధానికి ఒక్కో కాగితం, ముందు గాలి బాణం.